రెప్పల గొడవ

ఎనిమిది నెలల పాటు నా కనురెప్పలు నా మాట వినలేదు. ఇంట్లో ఎవరు మాట వినకపోయినా ఊరుకునే మనిషిని కాను నేను. కానీ సొంత రెప్పలతో ఎవరు పోట్లాడతారు? పొద్దున లేచేసరికి రెండూ ఉబ్బి, ఎర్రబడి, అంచుల్లో పొట్టు రాలుతూ ఉండేవి. దురద సరేసరి. రుద్దితే మంట, రుద్దకపోతే పిచ్చెక్కుతుంది. అద్దంలో చూసుకుంటే వారం రోజులుగా ఏడుస్తున్న మనిషిలా కనిపించేదాన్ని. ఆ ఏడుపు తన ఖాతాలో పడుతుందేమోనని మా ఆయన, ఇంటికి ఎవరొచ్చినా అడక్కముందే "నేనేమీ అనలేదండీ" అని చెప్పుకునేవాడు.

నాది రఫూ పని. చిరిగిన బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, చిరుగు మీద నిలువు పోగు, అడ్డ పోగు ఒక్కొక్కటే నేసి, అక్కడ కన్నం ఉండేదని బట్ట యజమానికి కూడా గుర్తులేకుండా చెయ్యాలి. మాది డ్రైక్లీనింగ్ షాపు. ముందు గదిలో కౌంటరు దగ్గర మా తోడికోడలు కూర్చుంటుంది. వెనక గదిలో మా ఆయన ఇస్త్రీ చేస్తాడు. బట్టలు తెచ్చేదీ, ఇచ్చొచ్చేదీ మా మరిది. రెండు గదులకీ మధ్యన, కిటికీ పక్కన, ఒక తెర వెనకాల నా బల్ల. అత్తగారు పని చేసిన బల్ల అది. ఆవిడ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళుగా నాది.

మనుషుల్ని నేను చిరుగుల్ని బట్టే గుర్తుపెట్టుకుంటాను. మోచెయ్యి మేష్టారు, సిగరెట్టు కన్నం ప్లీడరు, పురుగు కొట్టిన శాలువా ఆవిడ. పేర్లు అడిగితే చెప్పలేను గానీ ఎవరి కోటు ఏ సంవత్సరం ఎక్కడ చిరిగిందో అడగండి, చెబుతాను. దీన్నే మా ఆయన నా తలకాయలో ఉన్న చెత్త అంటాడు.

రెప్పలు వాచిన రోజున ఆ పని సాగేది కాదు. సూది బెజ్జం రెండుగా కనపడేది. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే వాపు దిగేది. మళ్ళీ బల్ల దగ్గరికి వెళితే రెండో రోజుకే మొదలు. దాంతో ఇంటిల్లిపాదీ ఒక తీర్పుకి వచ్చేశారు: వయసు మీద పడింది, సన్నపని పడటం లేదు, కళ్ళు అలిసిపోయాయి. ఒక రోజు మా మరిది టేపు పట్టుకొచ్చి నా బల్లని పొడుగూ వెడల్పూ కొలిచాడు. మంచివాడే, కాకపోతే టేపు చేతిలో ఉంటే ప్రపంచమంతా తనదే అనుకుంటాడు. వచ్చే నెల కాక పై నెల ఒకటో తారీఖున రెండో స్టీమ్ ప్రెస్సు వస్తుందట, అది పెట్టడానికి ఆ మూల సరిగ్గా సరిపోతుందట. "ఇంక విశ్రాంతి తీసుకో వదినా" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నా ఆ మాట నాకు తిట్టులాగే వినపడింది.

దాచుకోవడం ఎందుకు, భయమేసింది. ఆ బల్ల దగ్గర కూర్చుంటే నేను ఫలానా అని నాకు తెలుసు. అది పోతే ఇంట్లో పప్పులు ఏరుకుంటూ, వచ్చేపోయేవాళ్ళకి సలహాలు చెప్పే ముసలమ్మని అవుతాను. సలహాలు ఇప్పుడూ చెబుతాను, అది వేరే సంగతి. ఒకటో తారీఖు ఇంకా ఐదు వారాలు ఉంది. ఈలోగా కళ్ళు తెరిచి కూర్చోవాలి, బట్టలు ఎప్పటిలా పూర్తి చేసి చూపించాలి. లేకపోతే బల్ల పోయినట్టే.

నేరం ఎవరి మీదో ఒకరి మీద వెయ్యాలి కదా. నేను మా తోడికోడలి మీద వేశాను. బట్టల సబ్బు పొడి మార్చింది, దానివల్లే అన్నాను. పాత పొడే తెచ్చిపెట్టింది. తలనూనె వాసన అన్నాను. కొబ్బరినూనెకి మారింది. వాపు మాత్రం మారలేదు. ఆమె సోకు మీద నాకు మొదటి నుంచీ కాస్త కచ్చ ఉండేది. పెళ్ళైన కొత్తలో బొట్టు తప్ప మరో అలంకారం ఎరగని పిల్ల, నాలుగేళ్ళ కిందట ఉన్నట్టుండి గోళ్ళకి ఎర్ర రంగు మొదలుపెట్టింది. వారం వారం వేసుకునేది, అదీ కౌంటరు దగ్గరే కూర్చుని. షాపు అనుకుంటోందా, పెళ్ళివారిల్లు అనుకుంటోందా అని నేను తెర వెనక నుంచి వినపడేలాగే అనేదాన్ని. నవ్వి ఊరుకునేది.

ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన అక్షరాలు చదివించి, దీపం వేసి చూసి, కళ్ళు బంగారంలా ఉన్నాయి, గొడవంతా రెప్పలది, చర్మం డాక్టరుకి చూపించమన్నాడు. చర్మం డాక్టరు ఒక చిన్నపిల్ల. అంటే ముప్పై అయిదు ఉంటాయేమో, నా లెక్కలో పిల్లే. గదిలో తెర అంచు అరచెయ్యంత చిరిగి ఉంది. కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ నా చెయ్యి అటే లాగింది.

ఆ పిల్ల మందు రాయలేదు. ప్రశ్నలు వేసింది. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది, ఇంట్లో ఉంటే ఎలా ఉంటుంది, ఏ సబ్బు, ఏ పౌడరు, కళ్ళజోడు ఫ్రేము దేనితో చేసింది, నగలు ఏం పెట్టుకుంటాను. జుట్టుకి రంగు వేస్తారా అని అడిగింది. నేను వెయ్యను, మా ఆయన వేస్తాడు, ఎవరికీ తెలియదనుకుంటాడు అన్నాను. పక్కన కూర్చున్న మా తోడికోడలు ముక్కు చీదినట్టు నటించి నవ్వు ఆపుకుంది. నెయిల్ పాలిష్ వాడతారా అని అడిగింది. నా రెండు చేతులూ బల్ల మీద పరిచాను. పొట్టిగా కత్తిరించిన గోళ్ళు, సూది పొడిచిన వేళ్ళు. ఈ వయసులో నాకు అదొక్కటే తక్కువమ్మా అన్నాను. డాక్టరు నవ్వి కాగితం మీద లేదని రాసుకుంది.

ఇక్కడ నేను ఒక నిజం చెప్పాలి. నా బల్ల సొరుగులో ఒక సీసా ఉంది. రంగులేని నెయిల్ పాలిష్. గోళ్ళకి కాదు. రఫూ అయ్యాక బట్ట వెనక మిగిలే పోగుల కొసల మీద చిన్న చుక్క పెడితే అవి మళ్ళీ ఊడవు. సన్నని పోగు కొసకి కాస్త పూసి రెండు వేళ్ళతో నలిపితే గట్టిపడి సూదిలోకి ఒక్కసారికే వెళుతుంది. అలా చెయ్యకపోతే ప్రతి కొసనీ వెనక్కి తిప్పి నాలుగు పోగుల్లోంచి నేసుకుంటూ పోవాలి. గంట పని గంటన్నర అవుతుంది. అత్తగారు కనిపెట్టిన కిటుకు అది. నాకు నేర్పినప్పుడు నా చేత ఒట్టు వేయించుకున్నారు, ఈ సంగతి బల్ల దాటి వెళ్ళకూడదని.

ఎందుకంటే మా షాపు బోర్డు మీద మామగారు స్వయంగా రాయించిన మాట ఒకటుంది: పోగుతో పోగు, అంతే రఫూ. ఆ బోర్డు చూసే దూరం నుంచి జనం వస్తారు. సీసా సంగతి తెలిస్తే ఏమంటారు? గోళ్ళ రంగుతో అతికించి రఫూ అంటున్నారు అంటారు. అందుకే తెర. అందుకే ఆ బల్ల దగ్గర ఇంకెవరికీ కుర్చీ లేదు. మా ఆయనకి కూడా తెలియదు. డాక్టరుకి మాత్రం ఎందుకు చెబుతాను? ఆ పిల్ల కోటు చిరిగితే రేపు మా షాపుకే వస్తుంది. అదీకాక ఆ సీసా వల్ల అని నేను నిజంగా అనుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా లేనిది ఇప్పుడేంటి? పైగా అది తగిలేది వేళ్ళకి. వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. రెప్పలకి నేనెప్పుడూ పూయలేదు కదా.

చర్మానికి ఏదో పడటం లేదనీ, అదేమిటో ఊహించడం కాకుండా పరీక్ష చేసి తేల్చుకోవాలనీ డాక్టరు చెప్పింది. ప్యాచ్ టెస్టు అట. గుండీలంత చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల పదార్థాలు పెట్టి, టేపులతో నా వీపంతా వరసలు వరసలుగా అంటించి, పెన్నుతో అంకెలు వేసింది. రెండు రోజులు అలాగే ఉంచాలి. వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, గోకకూడదు. తర్వాత తీసి చూస్తుంది, మళ్ళీ రెండు రోజులకి ఇంకోసారి చూస్తుంది. కొన్ని చర్మాలు నిదానంగా జవాబు చెబుతాయట. ఆ మాట బాగుంది అనుకున్నాను. మా ఇంట్లో కూడా కొందరు అంతే.

ఆవిరి షాపులో చెమట పట్టకుండా ఉండటం కుదరదు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. బోర్లా పడుకోవడం, గోడకి వీపు ఆనించకుండా కూర్చోవడం. మా ఆయన కాపలా. నా చెయ్యి వెనక్కి వెళితే చాలు, "ఊఁ" అనేవాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నన్ను అదిలించే అవకాశం ఆయనకి అదే మొదటిసారి, ఒక్క క్షణం కూడా వృథా చేసుకోలేదు.

రెండో రోజు తల జిడ్డు కారుతోందని గొణిగాను. మా తోడికోడలు బక్కెట్టు తెచ్చి, నన్ను స్టూలు మీద ముందుకు వంచి, వీపు చుట్టూ రెండు తువ్వాళ్ళు కట్టి, చెంబుతో కొద్దికొద్దిగా పోస్తూ తల రుద్దింది. ఒక్క చుక్క వెనక్కి జారలేదు. సబ్బు పొడి గొడవ దగ్గర నుంచీ మా మధ్య అవసరమైన మాటలే తప్ప వేరే లేవు. అయినా ఆమె చెయ్యి మెత్తగానే ఉంది. నీళ్ళు పోస్తూ పోస్తూ అడిగింది.

"అక్కా, డాక్టరుకి అన్నీ చెప్పావా?"

"చెప్పాను."

"అన్నీనా?"

"ఎన్నిసార్లు అడుగుతావే" అన్నాను బక్కెట్టులోకి చూస్తూ. ఆమె ఇంకో చెంబు పోసింది.

టేపులు తీసిన రోజు ఒక గడి కాస్త ఎర్రగా ఉందంది డాక్టరు. మళ్ళీ రెండు రోజులకి వెళ్ళేసరికి ఆ గడి పొంగి, చిన్న చిన్న పొక్కులతో, పెన్నుతో రాసిన అంకె కన్నా స్పష్టంగా కనపడుతోందట. వీపు నాకు కనపడదు కాబట్టి ఫోటో తీసి చూపించింది. ఇరవై మూడో గడి. మిగతావన్నీ శుభ్రం. సెంట్లు పడతాయి, రబ్బరు పడుతుంది, కళ్ళజోడు లోహం పడుతుంది. సబ్బులకీ నూనెలకీ ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు.

ఇరవై మూడు అంటే ఏమిటని అడిగాను. నెయిల్ పాలిష్‌లో వేసే ఒక రకం జిగురు అంది.

సొరుగులో సీసా కళ్ళ ముందు మెదిలింది. డాక్టరు మాత్రం ఓపిగ్గా చెబుతూనే ఉంది. వేళ్ళ చర్మం మందం, అందుకని అక్కడ ఏమీ కనపడదు. అది ఆరకముందే అదే వేళ్ళతో కళ్ళు నలుపుకుంటే రెప్పలకి అంటుతుంది. ఒంట్లో అన్నిటికన్నా పల్చటి చర్మం రెప్పలదే. ఇన్నేళ్ళు ఏమీ కాలేదు కదా అనుకోవడానికి లేదు. వాడుతూ వాడుతూ ఉండగా ఒక రోజు ఒంటికి పడటం మానేస్తుంది. ఒకసారి మానేసిందంటే మాత్రం ఇక జన్మంతా పడదు. చెప్పడం అయ్యాక కలం పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"అమ్మా, మళ్ళీ అడుగుతున్నాను. మీరు నెయిల్ పాలిష్ ముట్టుకుంటారా?"

ఒకటో తారీఖుకి నాలుగు వారాలు. సీసా లేకపోతే నేను సగానికి సగం నెమ్మది. నెమ్మది అయితే బల్ల లేదు. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను. తర్వాత నా నోరు నన్ను అడక్కుండానే పని చేసింది.

"నేను కాదమ్మా. ఇదిగో, మా తోడికోడలు వేసుకుంటుంది."

డాక్టరు ఆమె గోళ్ళ వైపు చూసింది. ఎర్రగా మెరుస్తున్నాయి. దువ్వెనా తువ్వాలూ కలిపి వాడుకునే ఇళ్ళల్లో ఒకరిది ఇంకొకరికి తగలడం అరుదే గానీ జరగనిది కాదంది. మా తోడికోడలు తన చేతుల్ని ఒకసారి చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. కోపంగా అయితే కాదు. "ఇవాళే తీసేస్తానండీ" అంది డాక్టరుతో.

రెప్పలకి ఒక పూత మందు రాసిచ్చింది డాక్టరు. పల్చగా, రోజుకి రెండుసార్లు, వారం మాత్రమే. బాగుందని చెప్పి ఆ పైన ఒక్క రోజు కూడా రాయకూడదు, రెప్పలు పల్చబడతాయి. తర్వాత వాసన లేని వాజిలిన్ చాలు. ఆ సాయంత్రం మా తోడికోడలు మేడ మీదకి వెళ్ళి, నాకు గాలి కూడా తగలకుండా, గోళ్ళన్నీ తుడుచుకుని దిగింది. నాకు సిగ్గేసింది. అన్నం సయించలేదు. కానీ బల్ల మీద ప్రేమ ఆ సిగ్గు కన్నా పెద్దదిగా ఉంది, ఏం చెయ్యను.

మందుకి వారంలో రెప్పలు మామూలుగా అయిపోయాయి. నేను హాయిగా బల్ల దగ్గర కూర్చుని సొరుగు తెరిచాను. జాగ్రత్తగా ఉంటాను కదా అనుకున్నాను. ప్రతి చుక్కకీ చెయ్యి కడుక్కుంటాను, కళ్ళు నలుపుకోను. రఫూ చేస్తూ కళ్ళు నలుపుకోనని అనుకోవడం ఎంత తెలివితక్కువో ఆ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. మందు ఆపిన నాలుగో రోజు పొద్దున కుడి కన్ను అసలు తెరుచుకోలేదు. ఎడమది సగం తెరుచుకుంది. మా మరిది నన్ను చూశాడు. సాయంత్రం టేపు పట్టుకుని ఇంకోసారి కొలిచాడు.

మర్నాడు శాలువా ఆవిడ వచ్చింది. నేను తెర వెనక సగం కంటితో ఆవిడ శాలువాకే ఆఖరి కొసల మీద చుక్కలు పెడుతున్నాను. ఫ్యాను తిరుగుతోంది. కౌంటరు దగ్గర ఆవిడ మాట వినపడింది.

"ఇదేమిటమ్మా, నెయిల్ పాలిష్ వాసన? ఇదివరకూ వచ్చేది గానీ మీరు వేసుకుంటున్నారు కదాని అనుకునేదాన్ని. ఇప్పుడు మీ గోళ్ళు ఖాళీగా ఉన్నాయే."

 వెంటనే మా తోడికోడలి గొంతు.

"పొద్దున సీసా ఒలికిందండీ, ఇక్కడే."

నా చేతిలో కుంచె అలాగే ఆగిపోయింది. అబద్ధాలు నాకు బాగా తెలుసు, ఈ మధ్య నేను చేసిన పని అదే. ఇది అప్పటికప్పుడు పుట్టిన అబద్ధం. అప్పుడు తట్టింది నాకు. ఆ ఫ్యాను నాకు ఎండాకాలంలో కొన్నది నాలుగేళ్ళ కిందట. అది పెట్టినప్పటి నుంచీ నా సీసా వాసన తెర దాటి కౌంటరు దాకా వెళుతోంది. ఆమె గోళ్ళు ఎర్రబడిందీ నాలుగేళ్ళ కిందటే. కౌంటరు దగ్గర కూర్చుని, అందరూ చూస్తుండగా వేసుకునేది. నేను సోకు అన్నది అదన్నమాట. ఎవరైనా వాసన పట్టుకుంటే చూపించడానికి తన పది వేళ్ళూ సిద్ధం చేసుకుంది.

శాలువా ఒక చేతిలో, సీసా ఒక చేతిలో పట్టుకుని తెర తీసుకుని బయటికి వచ్చాను. రెప్పలు ఆ స్థితిలో ఉండగా నేను ఎవరి ముందుకీ రాను. శాలువా ఆవిడ జడుసుకుంది. ఆవిడకి మొత్తం చెప్పేశాను. వాసన నాది, సీసా నాది, మీ శాలువాలో పోగుల కొసలు ఊడకుండా పట్టుకున్నది ఈ చుక్కలే, బోర్డు మీద రాసింది పూర్తి నిజం కాదు అని.  అత్తగారు పైనుంచి వింటున్నారేమో అనిపించింది.

ఆవిడ శాలువా తిరగేసి చూసింది, మరగేసి చూసింది. "అంతేనా? మా అమ్మాయి మేజోళ్ళు చిరిగితే అదే రాస్తుంది" అంది. తర్వాత సంచీలో పెట్టుకుంటూ, ఇంకో స్వెట్టరు కూడా ఉంది, రేపు తెస్తానంది. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రాణంలా దాచిన రహస్యానికి దక్కిన మర్యాద అది. నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

ఆవిడ వెళ్ళాక కౌంటరు ఇవతలి స్టూలు మీద కూర్చున్నాను. మా తోడికోడలు బట్టలకి కట్టే నంబరు బిళ్ళలు సర్దుతోంది, సర్దినవే మళ్ళీ సర్దుతోంది.

"నీకెప్పటి నుంచి తెలుసే?"

"నా పెళ్ళైన ఆరో నెల నుంచి అక్కా."

"మరి ఒక్కసారి కూడా అనలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా" అంది. "నువ్వు చెప్పకుండా నాకు తెలుసని ఎలా అనను?"

"డాక్టరు ముందు నీ మీద తోసేస్తే ఊరుకున్నావే."

"నేను చెబితే బల్ల నేనే తీయించానని జీవితాంతం అనుకుంటావు. నీ అంతట నువ్వు చెబుతావని చూశాను." బిళ్ళల డబ్బా మూత పెట్టి, కాస్త నవ్వింది. "ఒక సంగతి మాత్రం నిజం అక్కా. రంగు తీసేశాక హాయిగా ఉంది. ఆ వాసనంటే నాకు మొదటి నుంచీ పడదు. వేసుకున్న రోజల్లా తలనొప్పే."

నాలుగేళ్ళు, వారం వారం. నేను తెర వెనక నుంచి దెప్పుతూనే ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. వాచిన రెప్పల్లోంచి కన్నీళ్ళు వస్తే ఎంత మండుతుందో అప్పుడు తెలిసింది. ఆమె తన కొంగు తడిపి ఇచ్చింది. "రుద్దకు, అద్దుకో" అంది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. సీసా బల్ల మీద పెట్టి, నేను అబద్ధం చెప్పానమ్మా అన్నాను. ఆ పిల్ల కోప్పడుతుందనుకున్నాను. సీసా ఎత్తి చూసి, పోగు కొసకి ఎలా పూస్తానో, ఎలా నలుపుతానో ఆసక్తిగా అడిగి తెలుసుకుంది. నాకు పడని ఆ జిగురు పేరు ఒక చిన్న అట్ట మీద రాసిచ్చి, కొత్త వస్తువు ఏది కొన్నా ఇది ఉందేమో చూపించి అడగమంది. సొరుగు, కత్తెర, సూదుల డబ్బా అన్నీ వేరేవాళ్ళ చేత తుడిపించమంది. నేను మాత్రం అడగాల్సింది ఒకటే అడిగాను. పని మానెయ్యాలా?

"పని మానక్కర్లేదమ్మా. సీసా మానండి."

అంతే. ఎనిమిది నెలలు ఇల్లంతా కలిసి ఇవ్వలేని తీర్పు. అదివరకే ఆ మాట నాకు దొరికేది, నేను అడ్డం పడకుండా ఉంటే.

సొరుగు అంతా మా తోడికోడలు తుడిచింది, ముక్కుకి గుడ్డ కట్టుకుని. సీసా ఎక్కడ పారేసిందో నేను అడగలేదు. రెండు వారాలు తిరిగేసరికి రెప్పల వాపు దిగింది, పొట్టు పోయింది, చర్మం మళ్ళీ నాదిలా అయింది. సూది బెజ్జం ఒక్కటే కనపడింది. కానీ కొసలన్నీ వెనక్కి నేసుకుంటూ పోవాలి కదా, రోజుకి ఆరు బట్టలు పూర్తి చేసే చోట నాలుగు కూడా కష్టమయ్యాయి. ఒకటో తారీఖు నాటికి కొక్కేలకి వేలాడుతున్న చిరుగు బట్టల వరస తలుపు దాకా వచ్చింది.

ఆ పొద్దున మా మరిది యంత్రం మనుషులతో దిగాడు. ఇస్త్రీ ఆపి మా ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు. నేను ఎవరూ అడక్కుండానే లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సీసా సంగతి, ఒట్టు సంగతి, డాక్టరు దగ్గర నేను ఆడిన అబద్ధం, ఆమె ఎర్ర గోళ్ళ సంగతి. కళ్ళు ఇప్పుడు బాగున్నాయి, చెయ్యి మాత్రం నెమ్మది, అది ఇక పెరగదు అన్నాను. బల్ల తీసెయ్యాలంటే తీసెయ్యండి, ఈసారి నేను అడ్డం పడను. మా ఆయన నన్ను కొత్తగా చూశాడు. ముప్పై ఏళ్ళు పక్కగదిలో ఉండి ఆ వాసన తన జుట్టు రంగుదే అనుకున్నాడట.

మా మరిది టేపు చేతిలో ఆడిస్తూ బల్లకేసీ, వేలాడుతున్న బట్టలకేసీ చూశాడు. ఏదో అనబోయాడు. మా తోడికోడలు కౌంటరు వెనక నుంచి ముందుకొచ్చింది. ఆమె గొంతు పెంచదు, ఆ రోజూ పెంచలేదు.

"యంత్రం ఆ బీరువా జరిపి పెట్టుకోండి, సరిపోతుంది. నేను నిన్నే కొలిచాను. కౌంటరు మధ్యాహ్నం బావగారు చూస్తారు. నేను అక్క దగ్గర రఫూ నేర్చుకుంటాను. నాలుగు చేతులైతే ఆలస్యం ఉండదు."

ఎదురు చెప్పడానికి ఏముంది, కొలత కూడా ఆమే తీసేసింది. బీరువా జరిగింది, యంత్రం కూర్చుంది, మా మరిది అంగుళం అయినా తేడా వస్తుందేమోనని చివరిదాకా ఆశపడి నిరాశపడ్డాడు.

మధ్యాహ్నం ఆమె ఒక కుర్చీ ఎత్తుకొచ్చి నా బల్ల పక్కన నిలబడింది. ఎక్కడ వేసుకోవాలో తెలియక అలాగే పట్టుకుని ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో అక్కడ రెండో కుర్చీ వెయ్యలేదు కదా. నేను నా డబ్బాలూ పోగుల చుట్టలూ దగ్గరికి లాక్కుని, కిటికీ వెలుతురు పడే వైపు నుంచి ఇవతలికి జరిగాను. ఆ బల్ల కోసం అన్ని తిప్పలు పడి, అన్ని అబద్ధాలు ఆడి, సగం నా చేతులతో నేనే ఇచ్చేశాను. బరువు దిగినట్టు అనిపించింది.

మేష్టారి కోటు మోచెయ్యి ఆమె ఒళ్ళో పెట్టాను. పోగు ఎలా లాగాలో చూపించాను. ఆమె నాలుక కొరుక్కుంటూ, ఊపిరి బిగబట్టి, పావుగంటలో ఒక్క పోగు నేసి నా వైపు తిప్పింది.

"ఎలా ఉంది అక్కా?"

భూతద్దం పెట్టి చూశాను. నా రెండు కళ్ళూ పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి, బాగా కనపడింది.

"వంకరగా ఉంది" అన్నాను. "విప్పి మళ్ళీ వెయ్యి."